సోమవారం ప్రజావాణి: అర్జీ తీసుకునే తీరు బాగుంది, ముగించే తీరు మారాలి

తెలంగాణలో ప్రతి సోమవారం కలెక్టరేట్లలోనూ నగరపాలక కార్యాలయాల్లోనూ, మంగళ, శుక్రవారాల్లో బేగంపేటలోని ప్రజాభవన్‌లోనూ ప్రజల అర్జీలు తీసుకోవడానికి జరిగే ప్రజావాణిని రాజకీయ పార్టీలు తమ అవసరాన్ని బట్టి పొగుడుతూ, తెగుడుతూ వస్తున్నాయి. దాన్ని ఒక సేవగా పరిగణించి, వాడుకున్న పౌరుడికి అది ఎంతవరకు అక్కరకు వస్తుందో చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం. మా కాలనీ మురుగు సమస్య మీద సంక్షేమ సంఘం తరఫున నేను హైదరాబాద్‌లోని ఒక సర్కిల్ కార్యాలయంలో ఈ సేవను ఉపయోగించుకున్నాను. ఆ కార్యాలయం పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చూసిన లోపం అక్కడి ఉద్యోగులది కాదు, ఏర్పాటుది. అర్జీని స్వీకరించే పద్ధతికి ఐదులో నాలుగు మార్కులు ఇస్తాను, దాన్ని ముగించే పద్ధతికి ఒక్కటే ఇస్తాను. రెంటినీ కలిపి సగటు తీయడం కుదరదు, ఎందుకంటే మర్యాదగా కూర్చోబెట్టి విన్న తర్వాత చేయని పనిని చేసినట్టు రాసి పంపితే, ఆ మొదటి మర్యాద మీద కూడా అనుమానం కలుగుతుంది.

ప్రజలను నేరుగా కలుస్తామనే మాట తెలుగు ప్రభుత్వాలకు కొత్తది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1995లో 'ప్రజల వద్దకు పాలన', 1997 జనవరిలో 'జన్మభూమి', ఆ తర్వాతి ప్రభుత్వాల కాలంలో 'రచ్చబండ' వచ్చాయి. కలెక్టరేట్లలో సోమవారం అర్జీలు తీసుకునే ఆనవాయితీ ప్రభుత్వాలు మారినా ఆగలేదు. 2023 డిసెంబరు 7న కొత్త ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసిన రోజే, అప్పటిదాకా ముఖ్యమంత్రి నివాసంగా ఉన్న ప్రగతి భవన్ ముందున్న ఇనుప కంచెలను తొలగించి, ఆ భవనానికి జ్యోతిబా ఫూలే ప్రజాభవన్ అని పేరు పెట్టి, మర్నాడు అక్కడే ప్రజాదర్బార్ నిర్వహించారు. ఆ తర్వాత అది ప్రజావాణి పేరుతో వారానికి రెండు రోజుల కార్యక్రమంగా స్థిరపడింది. అదే డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు జరిగిన 'ప్రజాపాలన'లో రాష్ట్రమంతటా కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. ఇంత పెద్ద సంఖ్యను ప్రజల నమ్మకానికి కొలమానంగా చూపిన వాళ్ళున్నారు. నా దృష్టిలో అది నమ్మకం కంటే అవసరానికి కొలమానం. రేషన్ కార్డు, పింఛను, ఇల్లు ఇవేవీ మామూలు దారిలో అందనప్పుడే జనం ప్రత్యేక కౌంటరు ముందు నిలబడతారు.

కార్యాలయంలో చూసినదాని విషయానికి వస్తే, ఏర్పాట్లు నేను ఊహించినదానికంటే మెరుగ్గా ఉన్నాయి. గేటు దగ్గరే టోకెన్ ఇస్తారు. వృద్ధులను, వికలాంగులను, చంటిబిడ్డల తల్లులను ముందుగా పిలుస్తారు. హాలులో ఇంజనీరింగ్, టౌన్ ప్లానింగ్, పారిశుద్ధ్యం, ఆస్తి పన్ను విభాగాలకు వేర్వేరు బల్లలు ఉంటాయి, మధ్యలో డిప్యూటీ కమిషనర్ కూర్చుంటారు. మంచినీళ్ళు ఉన్నాయి, కుర్చీలు సరిపోయాయి. అన్నింటికంటే ముఖ్యంగా, నెంబరు వేసిన రసీదు ఇవ్వకుండా ఎవరినీ పంపలేదు. పదేళ్ళ కింద ఇలాంటి కార్యాలయంలో అర్జీ ఇచ్చిన రుజువు కావాలంటే మన దగ్గరున్న జిరాక్స్ ప్రతి మీద ముద్ర కొట్టించుకోవడానికే గుమాస్తాను బతిమాలుకోవలసి వచ్చేది. ఆ బాధ తప్పడం చిన్న విషయం కాదు. వినేవాళ్ళ తీరులోనూ విసుగు కనబడలేదు. నా ముందున్న పెద్దావిడ రసీదుల కట్ట బల్ల మీద పెట్టి, "ఎన్నిమాట్లు వచ్చిన్నో గీ చీటీలే చెప్తయ్ బిడ్డా, మీరేం చేసిన్రో మాత్రం ఎవ్వరు చెప్తలేరు" అన్నప్పుడు, అక్కడున్న యువ ఉద్యోగి "కూర్చోండమ్మా, నేనే చూస్తా" అని లేచి, పాత నెంబర్లన్నీ ఓపికగా వెతికాడు. వాటన్నిటి ఎదుటా 'పరిష్కృతం' అనే ఉంది.

ఈ సేవలో మొదటి బలహీనత నమోదు దగ్గరే మొదలవుతుంది. మనిషి రెండు పేజీల్లో రాసుకొచ్చిన గోడును కంప్యూటరు ముందున్న ఆపరేటరు ముందే నిర్ణయించిన వర్గాల్లో ఒకదాని కింద చేర్చి, ఒక్క వాక్యానికి కుదించి ఎక్కించాలి. మా అర్జీలో వాననీటి కాలువ పూడిపోవడం, ఆ నీరు మ్యాన్‌హోళ్ళలోకి చేరి మురుగు ఇళ్ళ ముందుకు పొంగడం, కాలువ మీద ఒకచోట ర్యాంపు కట్టి దారి మూసేయడం అనే మూడు సంగతులున్నాయి. రసీదులో మాత్రం 'మురుగు పొంగుట' అని వచ్చింది. ఇది మాటల గొడవ కాదు, పని ఎవరికి వెళ్ళాలో తేల్చే విషయం. హైదరాబాద్‌లో వాననీటి కాలువలు నగరపాలక సంస్థ బాధ్యత, మురుగు పైపులు 1989లో ఏర్పడిన జలమండలి బాధ్యత, కాలువ మీది ఆక్రమణ టౌన్ ప్లానింగ్ వాళ్ళ బాధ్యత. మూడు విభాగాలు కలిసి చూడవలసిన పని ఒక్క విభాగం ఖాతాలో పడితే, ఆ విభాగం తన వంతు పైపు శుభ్రం చేసి ఊరుకుంటుంది, తర్వాతి వానకు మురుగు మళ్ళీ వీధిలోకి వస్తుంది. ఉర్దూలో రాసుకొచ్చిన అర్జీల పరిస్థితి ఇంకా సున్నితమైనది. 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయినా, నేను చూసిన బల్లల దగ్గర ఉర్దూ చదవగలిగిన వాళ్ళు ఎప్పుడూ ఉన్నారని చెప్పలేను. పాతబస్తీ వైపు నుంచి వచ్చిన వాళ్ళు గేటు బయట కూర్చునే అర్జీ రాసేవాళ్ళతో తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయించుకుని లోపలికి వస్తున్నారు.

మా అర్జీకి కొద్ది రోజుల్లోనే 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అన్న సందేశం ఫోనుకు వచ్చింది. కాలువలో పార కూడా పడలేదు. మళ్ళీ వెళ్ళి అడిగితే, 'సంబంధిత విభాగానికి పంపడమైనది' అని ఎండార్స్‌మెంట్ రాసినందువల్ల తమ స్థాయిలో అర్జీ ముగిసినట్టేనని సిబ్బంది వివరించారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కార్యాలయం లెక్క ప్రకారం కాగితం కదిలింది కాబట్టి అర్జీ ముగిసింది. పౌరుడి లెక్క ప్రకారం ఇంటి ముందు మురుగు ఉన్నంతకాలం అది ముగియదు. వచ్చిన అర్జీలలో ఎన్ని పరిష్కరించామో చెప్పే శాతాన్ని పై అధికారులు ప్రతి సమీక్షలోనూ అడుగుతారు, పెండింగ్ ఎక్కువగా ఉన్న విభాగాన్ని నిలదీస్తారు. అందువల్ల తొందర పని పూర్తిచేయడంలో కాక అర్జీని ముగించడంలో కనబడుతుంది. అర్జీ ముగిసిందని నిర్ణయించే అధికారం కూడా, ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో ఆ విభాగం చేతిలోనే ఉంది. ప్రజాస్వామ్యం మీద నమ్మకం గురించి పెద్ద మాటలు మాట్లాడేవాళ్ళు ముందుగా చూడవలసిన చోటు ఇదేనని నా అభిప్రాయం. పని ఆలస్యమైనందుకు కంటే, కాని పనిని అయిందని చెప్పినందుకు మనిషి ఎక్కువగా దూరమవుతాడు.

గడువు పెట్టి పని చేయించడం మన ప్రభుత్వాలకు తెలియని విద్య కాదు. 2014లో తెచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం కింద అతి భారీ (మెగా) పరిశ్రమలకు 15 రోజుల్లో, మిగతా వాటికి 30 రోజుల్లో అనుమతులు ఇవ్వాలని నిర్ణయించి, జాప్యానికి కారణమైన అధికారి మీద చర్యకూ వీలు కల్పించారు. ఇంటి నిర్మాణ అనుమతులకు 2020లో టీఎస్ బీపాస్ వచ్చింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో కట్టుకునేవాడికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సరిపోతుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం 30 రోజుల్లో జవాబు ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా విధించవచ్చని చెబుతుంది. ప్రజావాణి రసీదు వెనుక అలాంటి చట్టం ఏదీ నిలబడి లేదు. పది రూపాయల రుసుముతో పెట్టిన సమాచార హక్కు దరఖాస్తుకు ఉన్న బలం, డిప్యూటీ కమిషనర్ ఎదురుగా కూర్చుని ఇచ్చిన అర్జీకి లేకపోవడం విచిత్రంగా తోస్తుంది.

హాలులో కూర్చున్నంతసేపూ నన్ను వదలని ఆలోచన మరొకటుంది. 2020 డిసెంబరులో జరిగిన మహానగరపాలక ఎన్నికల్లో ఓటు వేసినవాళ్ళు 46 శాతం పైచిలుకు మాత్రమే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గంలో నమోదైంది 48 శాతం పైచిలుకు. ఈ అంకెలు చూసి నగరవాసికి ప్రజాస్వామ్యం పట్టదని తేల్చేస్తుంటాం. కానీ సోమవారం ఉదయం టోకెన్ కోసం నిలబడే బస్తీ జనాన్ని చూస్తే, వాళ్ళు ప్రభుత్వాన్ని వదిలేశారని ఎవరూ అనలేరు, కూలి పోగొట్టుకుని మరీ వస్తారు. వాళ్ళకు ఆశ సన్నగిల్లింది అధికారి మీద కాదు, మధ్యలో ఉండవలసిన ప్రతినిధి మీద. వీధి దీపానికి, మ్యాన్‌హోల్ మూతకు కార్పొరేటర్ కాక డిప్యూటీ కమిషనరే దిక్కు అనుకునే స్థితికి ప్రజావాణి ఎంతోకొంత దోహదం చేస్తోందేమో కూడా ఆలోచించాలి. నేను వెళ్ళిన సమావేశాల్లో ఎన్నికైన ప్రతినిధి కుర్చీ ఒక్కటి కూడా లేదు. రాజుగారి దర్బారుకు ప్రజల పేరు పెట్టినంత మాత్రాన అది ప్రజల పాలన కాదు. అడిగేవాడు ఒకడు, దయతలిచేవాడు ఒకడు అన్న సంబంధం అందులో అలాగే ఉంటుంది.

అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళు ఈ హాలులో కనబడరు. వాళ్ళు యాప్‌లో ఫోటో పెడతారు, లేదా మంత్రిగారిని ట్యాగ్ చేస్తారు. చాలాసార్లు వాళ్ళ పనే ముందు అవుతుంది.

నగరానికి లేని ఒక సదుపాయం మన పల్లెలకు ఉందన్న సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీ మొదలైంది. 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీనే ఏర్పాటుచేశారు. కూలీల కుటుంబాలకు చెందిన యువకులు శిక్షణ పొంది, మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, ఫలానా రోజుల్లో నువ్వు పనిచేశావా, ఇంత డబ్బు నీకు అందిందా అని అడిగి రాసుకునేవారు. ఆ తర్వాత గ్రామసభలోనూ, మండల స్థాయి బహిరంగ విచారణలోనూ అధికారుల ముందే ఆ వివరాలు చదివి వినిపించేవారు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో మొదలుపెట్టిన జన్ సున్వాయీల (బహిరంగ విచారణల) స్ఫూర్తితో వచ్చిన ఈ పద్ధతిని ప్రభుత్వమే భుజాన వేసుకుని నడపడంలో దేశానికి దారి చూపింది మన రాష్ట్రమే. దుర్వినియోగం బయటపడిన సొమ్మంతా తిరిగి రాలేదు, తప్పు చేసినవాళ్ళందరికీ శిక్ష పడలేదు. అయినా, చదువు రాని కూలీ తన పేరు మీద రాసిన లెక్కను నలుగురిలో విని, అది తప్పని చెప్పగలిగాడు. హైదరాబాద్‌లో మా వీధికి వేసిన సిమెంటు రోడ్డు ఎస్టిమేట్ ఎంతో, మెజర్‌మెంట్ పుస్తకంలో ఎంత మందం రాశారో వీధివాళ్ళ ముందు చదివి వినిపించే ఆనవాయితీ లేదు. ప్రజావాణిలో 'పరిష్కృతం' అని గుర్తుపెట్టిన అర్జీలను నెలకొకసారి వార్డు కార్యాలయం ముందు అదే తరహాలో చదివి, అర్జీదారులను నిజమా కాదా అని అడిగితే, ఈ సేవ ముఖచిత్రమే మారిపోతుంది. దీనికి పెద్దగా ఖర్చూ అవసరం లేదు, కొత్త యాప్ అంతకన్నా అవసరం లేదు.

అలాంటి సభకు చట్టంలో చోటు ఇప్పటికే ఉంది. 1993 జూన్‌లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం నిధులకు షరతుగా పెట్టిన సంస్కరణల్లో భాగంగా, ఉమ్మడి రాష్ట్రం 2008లో వార్డు కమిటీలతోపాటు ఏరియా సభలకూ చట్ట సవరణ చేసింది. కమిటీ సభ్యులుగా ఎవరున్నారని మా వీధిలో అడిగితే చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇక 2023 జూన్‌లో హైదరాబాద్‌లోని అప్పటి 150 వార్డులకూ వార్డు కార్యాలయాలు ప్రారంభించి, అన్ని విభాగాల సిబ్బందినీ ఒకేచోట కూర్చోబెట్టాలన్న ప్రయత్నం జరిగింది. మా అర్జీ లాంటి మూడు విభాగాల సమస్యకు సరిగ్గా అదే కావాలి. ఆలోచన మంచిదైనా, ప్రభుత్వం మారాక దాని ఊపు తగ్గింది. పూణేలో 2006 నుంచి పౌరులు తమ వార్డులో చేపట్టవలసిన చిన్న పనులను వార్షిక బడ్జెట్ తయారీకి ముందే ప్రతిపాదించే పద్ధతి నడుస్తోంది. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే 1989లో మొదలుపెట్టిన దారి అది. పూణేలో కూడా ప్రతిపాదించిన పనులన్నీ జరగవు. కాకపోతే అక్కడి పౌరుడు బడ్జెట్ ముందు అడుగుతాడు, మనం బడ్జెట్ ఖర్చయ్యాక ప్రజావాణిలో అడుగుతాం.

అధికారుల వైపు నుంచి కూడా ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఒక అసిస్టెంట్ ఇంజనీరు చేతిలో ఉండే పరిధి పెద్దది, నిధులు చిన్నవి. 2020 అక్టోబరు వరదల తర్వాత నాలాల అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమం చేపట్టినా, పెద్ద నాలాలకు వచ్చిన డబ్బు కాలనీ లోపలి కాలువల దాకా రావడానికి సమయం పడుతుంది. ఒక్కొక్క అర్జీని విడివిడిగా తీసుకుంటే, గట్టిగా అరిచిన వీధికి ముందు పని జరుగుతుంది, పల్లపు వీధి మిగిలిపోతుంది. మా విషయంలో ఇది ఎలా తేలిందో చెప్పదగినదే. రెండో అర్జీ తర్వాత ఇంజనీరు స్వయంగా మా కాలనీకి వచ్చి, కమ్యూనిటీ హాలులో నక్షా పరిచి, నీటి వాలు ఏ వైపు ఉందో, మొత్తం కాలువకు ఎంత అవుతుందో, ఈ ఏడాది చేయగలిగింది ఎంతో చెప్పారు. ముందు మా వీధి అంటే మా వీధి అని వాదించుకున్న మనుషులే, కింది వీధి నుంచి మొదలుపెట్టకపోతే పైన పోసిన సిమెంటు వృథా అవుతుందని గ్రహించి, రెండు గంటల వాదన తర్వాత దానికే ఒప్పుకున్నారు. పై వీధిలో ఉండే విశ్రాంత ఉపాధ్యాయుడొకరు "మా వంతు వచ్చే ఏడాదికి రాసుకోండి, కానీ రాసుకున్నట్టు మాకు కాగితం ఇవ్వండి" అన్నారు. పని ఇంకా కాలేదు. అయినా మా కాలనీలో ఇప్పుడు ఇంజనీరును తిట్టేవాళ్ళు బాగా తగ్గారు, ఎందుకంటే నిర్ణయం ఎందుకు అలా జరిగిందో వాళ్ళకు తెలుసు, అందులో వాళ్ళ వంతూ ఉంది. ప్రజావాణి హాలులో ఎన్ని కుర్చీలు వేసినా రానిది ఆ రెండు గంటల్లో వచ్చింది. ఆ సమావేశం ఏ నిబంధన ప్రకారమూ జరగలేదన్నదే విచారం. ఆ ఇంజనీరు మంచితనం వల్ల జరిగింది, ఆయన బదిలీ అయితే మళ్ళీ జరుగుతుందన్న హామీ లేదు.

వెళ్ళదలచినవాళ్ళు, ముఖ్యంగా మొదటిసారి వెళ్ళేవాళ్ళు, ఉదయం పది లోపే చేరుకోవడం మంచిది, మధ్యాహ్నానికి బల్లల దగ్గర అధికారులు పలచబడతారు. ఆధార్, పాత రసీదులు, ఫోటోలు రెండేసి ప్రతులు ముందే తీయించుకోండి, లోపల జిరాక్స్ ఉండదు. ఒక అర్జీలో ఒకే విషయం రాయండి. సమస్య మూడు విభాగాలదైతే మూడు అర్జీలు ఇచ్చి, తర్వాత ఇచ్చే వాటిలో ముందు ఇచ్చిన వాటి నెంబర్లు పేర్కొనండి. రసీదులో రాసిన వర్గం సరైనదో కాదో బల్ల దగ్గరి నుంచి కదలకముందే చదువుకుని, తప్పుగా ఉంటే అప్పుడే దిద్దించండి. అర్జీ చివర 'దీనిని ముగించే ముందు క్షేత్ర పరిశీలన తేదీని తెలియజేసి, పరిశీలనను మా సమక్షంలో జరపగలరు' అని ఒక వాక్యం చేర్చండి. దీనికి చట్టం అండ లేదు గానీ, మా రెండో అర్జీలో ఈ వాక్యం ఉన్నందువల్లనే ఇంజనీరు ముందుగా ఫోన్ చేసి వచ్చారు. పని కాకుండానే ముగిసినట్టు సందేశం వస్తే మళ్ళీ అదే బల్ల ముందు వాదించి ప్రయోజనం ఉండదు. ఆ నెంబరు పేర్కొంటూ, ముగింపుకు ఆధారమైన పరిశీలన నివేదిక ప్రతి కావాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళకు ఆ పది రూపాయల రుసుము కూడా ఉండదు, కార్డు ప్రతి జతచేస్తే చాలు.